ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టేముందు

కులపెద్దల రాజీలూ, పోలీసు స్టేషన్లలో 'కౌన్సిలింగ్' పేరుతో జరిగే మందలింపులూ మనకి కొత్త కాదు. ఇప్పుడు నగరాల్లో ఇంకో బోర్డు కనిపిస్తోంది: వ్యక్తులకు, దంపతులకు, కుటుంబాలకు థెరపీ. గంటకింత అని ఫీజు. మన దగ్గరికొచ్చే స్త్రీలని అక్కడికి పంపవచ్చా అని కార్యకర్తలు అడుగుతున్నారు. నిద్రపట్టని మనిషికి, బతకాలని లేని మనిషికి తప్పకుండా పంపాలి. తప్పు పట్టకుండా వినే మనిషి దొరకడమే చాలామంది ఆడవాళ్లకి మొదటిసారి. నా అభ్యంతరం ఆ బోర్డు మీది రెండో మాటతో.

దంపతుల థెరపీ ఒక నమ్మకం మీద నడుస్తుంది: ఇద్దరూ సమానంగా మాట్లాడగలరని, గొడవలో ఇద్దరికీ వాటా ఉందని. డబ్బు దగ్గరో, పిల్లల చదువు దగ్గరో వచ్చే తగాదాలకి ఇది పనికొస్తుంది. కొట్టే ఇంట్లో పనికిరాదు. గదిలో నిజం చెప్పిన స్త్రీ అదే మనిషి వెనకాల అదే స్కూటరెక్కి ఇంటికెళ్లాలి. ఆ రాత్రి ఏం జరిగిందో థెరపిస్టుకి మళ్లీ వారం దాకా తెలియదు, అదీ ఆమె చెబితే. ఆమె చెప్పదు. సర్దుబాటు మెరుగైందని ఫైల్లో పడుతుంది. 'మీ మధ్య కమ్యూనికేషన్ లోపం' అంటే, దెబ్బలు తిన్న మనిషి చెవికి 'నువ్వు నోరు మూసుకునుంటే పోయేది కదా' అనే వినపడుతుంది.

ఈ విషయంలో చట్టమే నయం. 2005 గృహహింస చట్టం 14వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు ఇద్దర్నీ విడిగానో కలిపో కౌన్సిలింగుకు పంపవచ్చు. కాని చేసిన హింసని సమర్థించుకోవడానికి అక్కడ వీల్లేదని, ఆ సంగతి ముందే ప్రతివాదికి చెప్పాలని 2006 నిబంధనల్లో 14వది అంటుంది. మళ్లీ హింసకు పాల్పడనని అతను హామీ ఇవ్వాలి. ఇదంతా కోర్టు పంపిన కేసులకే. డబ్బిచ్చి వెళ్లే గదికి మాత్రం ఈ కట్టుబాటు ఎందుకుండకూడదు?

ఆ డబ్బు ఇచ్చేది తరచు భర్తే. మరి థెరపిస్టు ఎవరి మనిషి? హిందూ వివాహ చట్టం విడాకులకి చూపే కారణాల్లో మానసిక వ్యాధి కూడా ఉంది కనక, భార్య మందుల చీటీ రేపు ఆమె మీదికే రావచ్చు. చికిత్స పొందేవారి విషయాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మానసిక అనారోగ్యం ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదనీ, అది కోర్టు తేల్చాల్సిన సంగతనీ కూడా అంటోంది. ఈ రెండు మాటలూ ఆమెకి మొదటిరోజే తెలియాలి.

ప్రతి సంస్థ దగ్గరా థెరపిస్టుల నంబర్లు రాసుకున్న పుస్తకం ఒకటి ఉంటుంది. అందులో పేరెక్కించే ముందు ఫోన్ చేసి అడగండి: భార్యతో ముందు ఒంటరిగా మాట్లాడతారా? కొడుతున్నాడని తెలిస్తే కలిపి కూర్చోబెట్టడం ఆపేస్తారా? ఆమె చెప్పింది అతను అడిగితే ఏం చెబుతారు? 'కేసుని బట్టి చూస్తాం' అన్నవాళ్ల పేరు నేనైతే రాసుకోను.