బిల్లు నాడు విచారింపవలె

కోలారు, బళ్ళారి జిల్లాలయందు తరతరములుగా నివసించుచున్న ఆంధ్రుల భూములకును, పన్నులకును, పాఠశాలలకును వర్తించు రాష్ట్ర శాసనములు బెంగుళూరి విధానసౌధమున నిర్మితములగుచున్నవి. శాసనము గెజెటులో ప్రకటితమైన పిదప వాపోవువారు పెక్కండ్రు. అది బిల్లుగా నున్నపుడు విచారించువారు మిక్కిలి తక్కువ. ఈ యలసత మాన్పుటకే నేడు నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కర్ణాటకమున రెండు సభలు గలవు. ప్రజలు నేరుగా నెన్నుకొను శాసనసభయందు సభ్యులు 224గురు. శాసనపరిషత్తున 75గురు, వీరిలో 25గురిని శాసనసభ్యులును, 25గురిని స్థానిక సంస్థల సభ్యులును, ఏడుగురిని పట్టభద్రులును, ఏడుగురిని ఉపాధ్యాయులును ఎన్నుకొందురు, తక్కిన 11గురిని గవర్నరు నియమించును.

బిల్లును ప్రవేశపెట్టుట, దాని సూత్రములను ఖండములను చర్చించుట, తుదకు ఆమోదించుట యను మూడు మెట్లు సభయందు గలవు. అవసరమని తోచినచో నడుమ సెలెక్టు కమిటీకి పంపుదురు. శాసనసభ యామోదించిన బిల్లును పరిషత్తు మొదట మూడు మాసములు, రెండవమారు ఒక మాసము మాత్రమే నిలుపగలదు. ద్రవ్య బిల్లునైనచో 14 దినములే. కావున శాసనసభలో చర్చ ముగియకమునుపే పౌరుడు తన మాట వినిపింపవలెను.

ఏ భాషలో వినిపింపవలెను? రాజ్యాంగము 210వ అధికరణమును బట్టి రాష్ట్ర రాజభాషలోగాని, హిందీలోగాని, ఇంగ్లీషులోగాని తన భావమును చక్కగా చెప్పజాలని సభ్యుడు సభాధ్యక్షుని అనుమతితో మాతృభాషయందు ప్రసంగింపవచ్చును. 350వ అధికరణమును బట్టి రాష్ట్రమున వాడుకలోనున్న యే భాషయందైనను పౌరుడు అధికారులకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఇట్లు సభ్యునకు నోరును, పౌరునకు కలమును స్వభాషయందే యున్నవి. కాని బిల్లు తెలుగున చేతికందనిచో దేనిని గూర్చి వ్రాయవలెను? రోగమేమో తెలియనివాడు మందు నేమని యడుగును?

భాషాల్పసంఖ్యాకులు జనసంఖ్యలో నూటికి 15 వంతులకు తక్కువ గాక యున్నచోట ముఖ్యమైన నియమములను, ప్రకటనలను వారి భాషలోనికి అనువదించి ప్రకటించుట, అఖిలభారత స్థాయిని అంగీకృతమైన రక్షణలలో నొకటి. మంచిదే. అయినను నియమములు శాసనమునకు తరువాత వచ్చునవి. పెండ్లి ముగిసిన పిదప శుభలేఖ యందిన లాభమేమి? భూమి, విద్య, స్థానిక పరిపాలనములకు సంబంధించిన బిల్లుల సారాంశమును అట్టి తాలూకాలలో ముందుగానే ప్రకటించి, సభాచర్చకు నడుమ తగినంత వ్యవధి నొసగవలెనని మేము కోరుచున్నాము.

ఇది కన్నడమునకు ప్రతికూలమైన కోరిక కాదు. ఇరుగుపొరుగు భాషను నేర్చుట మన కర్తవ్యము; రాష్ట్రభాషను గౌరవించుట మన ధర్మము. అర్థమైన శాసనమునే జనులు మనసార పాటింతురు గనుక, ఈ కోరిక ప్రభుత్వమునకును మేలే. పాఠకులారా! మీ సభ్యుడు మీ యూరికి వచ్చినపుడు రోడ్డును, నీటికొళాయిని అడుగుడు. దానితోపాటు, రానున్న సమావేశమున నే బిల్లు రానున్నదో కూడ నడుగుడు.