సంతకానికి ముందు ఒక మాట

నాయకరాజుల కాలం నుండి మదురైలోను, కోయంబత్తూరు పరిసర గ్రామాలలోను స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో ఆడపిల్ల ముఖంపై రోమాల సంగతి నలుగురిలో చెప్పుకొనేది కాదు. పసితనంలో సున్నిపిండి నలుగుతోను, పిదప పసుపుతోను సరిపెట్టేవారు. ఇప్పుడు పెళ్లిచూపులకు ముందు లేజరు వద్దకు పరుగు తీస్తున్నాము. అది తప్పని నేననను. ఎవరి చేతిలో ముఖం పెడుతున్నామన్నదే ప్రశ్న.

కొంతకాలం క్రితం మదురై నుండి ఒక తల్లి కూతురిని వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చింది. ఆ పిల్ల బుగ్గపై కాలిన మచ్చలు. చేసినవారి చదువేమిటని అడిగితే "తెల్లకోటు వేసుకున్నారండీ" అన్నది. సంతకం చేసిన కాగితం ఆంగ్లంలో ఉన్నదట. ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే ఆమెకు అందులో ఒక్క వాక్యమూ అర్థం కాలేదు. నకలు ఇవ్వలేదు, రశీదూ లేదు. వ్యాజ్యానికి నాకు మిగిలిన సాక్ష్యం ఆ మచ్చలే.

అసలు "శాశ్వతం" అన్న మాటనే నిలదీయాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ లేజరుకు రోమాలను శాశ్వతంగా "తగ్గించుట" అన్న మాటనే అనుమతించింది గాని "తొలగించుట" అని కాదు. ఒక్కొక్క రోమకూపంలో సన్నని సూది దించి విద్యుత్తుతో కుదురును నశింపజేసే ఎలక్ట్రాలసిస్ శాశ్వత పద్ధతి. 1875లో అమెరికాలో ఒక కంటి వైద్యుడు లోపలికి పెరిగే రెప్పవెంట్రుకల కొరకు దీనిని వాడినాడు. చాల నెమ్మది పని. రోమాలన్నీ ఒకే దశలో పెరగవు గనుక ఏ పద్ధతికైనా పలు విడతలు తప్పవు. ఒక్క సిట్టింగుతో సరి అన్నవారి గడప తొక్కవద్దు. మన చామనఛాయ చర్మంలోని వర్ణకం కూడ లేజరు కాంతిని పీల్చుకొంటుంది, అందుచేతనే కాలడం. 1064 నానోమీటర్ల ఎన్‌డి-యాగ్ లేజరు ఇటువంటి చర్మానికి క్షేమతరం. ఏ యంత్రమో, ముందుగా కొద్దిమేర పరీక్షిస్తారో లేదో అడగండి. గడ్డంపై రోమాలు కొత్తగా దట్టమై నెలసరి కూడ తప్పుతుంటే మొదట హార్మోనుల పరీక్ష చేయించండి.

బ్యూటీషియన్ కోర్సు పత్రం వైద్యార్హత కాదు. ఎం.బి.బి.ఎస్. పైన చర్మవైద్యంలో ఎం.డి. గాని డిప్లొమా గాని ఉన్నదా, వైద్య మండలి నమోదు సంఖ్య ఎంత, 1997 నాటి తమిళనాడు క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం క్రింద ఆ స్థలం నమోదైనదా అని అడగడానికి మొహమాటమెందుకు? పెళ్లి సంబంధానికి ఇంతకు పదింతలు ఆరా తీస్తాము కదా!

సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు, చికిత్స స్వభావం, ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు తగినంతగా వివరించిన మీదట ఇచ్చినదే సమ్మతి అన్నది. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం, ఆ వివరణ రోగికి తెలిసిన భాషలో ఉండాలన్నది. తెలుగులో చెప్పమనండి, కుదరకుంటే తమిళమైనా సరే, మనకు పరాయిది కాదు. ఆంగ్లం కాగితంపై మౌనంగా వ్రేలుపెట్టడమే కూడదు.

హాని జరిగితే 2019 వినియోగదారుల చట్టం క్రింద రెండేళ్లలోగా మీ నివాస జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. అందుకు రశీదు, సమ్మతి పత్రం నకలు, మొదటి విడతకు ముందు తీసిన ఫొటో ఇంట్లో ఉంచుకోండి.