తూకానికి పోతున్న తాతల గడియారాలు

పాత బంగారు జేబు గడియారం ఇంటి నుంచి అంగడికి వచ్చిందంటే మొదట ఎక్కేది త్రాసు మీదికే. మూతలు ఊడదీస్తారు, గీటురాయి మీద గీస్తారు, గ్రాముకు ఇంత అని లెక్క కడతారు. లోపలి ఇత్తడి యంత్రం చిల్లర సామానులోకి, మూతలు మూసలోకి పోతాయి. మూత మీద చెక్కిన పేరు, తేదీ, లతలు, పువ్వులు కాసేపట్లో ముద్ద అవుతాయి. ఇందులో మోసమేమీ లేదు. బంగారానికి బంగారం ధర వచ్చింది. పోయింది మాత్రం బంగారం కంటె విలువైనది.

తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో కలిగినవారు ఇటువంటి గడియారాలను మౌంట్ రోడ్డులోని పి. ఓర్ అండ్ సన్స్ వంటి దుకాణాలలో కొనేవారు. యంత్రం స్విట్జర్లాండులోనో, ఇంగ్లండులోనో తయారైనా, ముఖం మీద అమ్మిన దుకాణం పేరే తరచుగా ఉండేది. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ పేరు కూడా అలాగే కనిపించేది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకూ బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే పెద్ద గడియారం ఆ కుక్ అండ్ కెల్వీ వారిదే. దాన్ని చూడటానికి జనం ముందుగానే వచ్చి కూర్చుంటారు. అక్కడ మెచ్చుకుని వచ్చినవారే ఇంట్లోని తాతగారి గడియారాన్ని తూకానికి వేయడం విచారకరం.

ఈ మూతల మీది నగిషీ సామాన్యమైనది కాదు. కొన్నింటి మీద చేతితో తిప్పే యంత్రంపై గీసిన సన్నని అలల గీతలు ఉంటాయి. మరికొన్నింటిని పనివాడు ఉలితో చెక్కాడు. మధ్యలో డాలు ఆకారంలో కొంచెం జాగా వదిలేవారు. అది కొన్నవాని పొడి అక్షరాల కోసం. లోపలి మూత మీద ఎవరు, ఎవరికి, ఏ సందర్భంలో, ఏ సంవత్సరం బహూకరించారో చెక్కించేవారు. కొన్ని కుటుంబాలకు తాతగారి ఉద్యోగ విరమణకు మిగిలిన లిఖితపూర్వకమైన సాక్ష్యం ఆ మూత ఒక్కటే కావచ్చు.

ఆ అక్షరాల విలువ ఎంతో లోకం చూసింది. 1912లో టైటానిక్ ఓడతో మునిగిన ధనికుడు జాన్ జేకబ్ ఆస్టర్ మృతదేహంపై దొరికిన వాల్తామ్ కంపెనీ గడియారం 14 క్యారెట్లదే. దాని మీద ఆయన పొడి అక్షరాలు ఉన్నాయి. 2024 ఏప్రిల్‌లో ఇంగ్లండు వేలంలో అది రుసుములతో కలిపి 11 లక్షల 75 వేల పౌండ్లు పలికింది. బతికి బయటపడినవారిని కాపాడిన కార్పేథియా నౌక కెప్టెన్ రోస్ట్రన్‌కు ఆస్టర్ భార్యతో పాటు మరి ఇద్దరు వితంతువులు కృతజ్ఞతగా ఇచ్చిన 18 క్యారెట్ల గడియారం అదే ఏడాది నవంబరులో 15 లక్షల పౌండ్లు దాటింది. ప్రతి ఇంటి గడియారానికీ లక్షలు వస్తాయని దీని అర్థం కాదు. కాని ఆ ధర తూకానికి వచ్చింది కాదు, పేరుకు వచ్చింది.

అవసరం వచ్చినప్పుడు అమ్ముకోక ఏం చేస్తారని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. పిల్ల పెళ్ళో, ఆస్పత్రి ఖర్చో ముంచుకొచ్చిన ఇంటికి నీతులు చెప్పడం తగదు. 1980 జనవరిలో బంగారం ఔన్సు 850 డాలర్లకు ఎగబాకినప్పుడు విదేశాల్లోనూ ఎన్నో బంగారు కేసులు కరిగిపోయాయి. అయితే తూకానికి అమ్మితే లాభమనుకోవడం కూడా పొరపాటే. 18 క్యారెట్లంటే ముప్పాతిక వంతే బంగారం, 14 అయితే ఇంకా తక్కువ. స్విస్ కేసుల మీద 1880 నాటి చట్టం తర్వాత స్త్రీ తల ముద్ర ఉంటే 18 క్యారెట్లు, ఉడుత ముద్ర ఉంటే 14. ఇన్నేళ్ళు గ్యారంటీ అని ముద్ర ఉన్న కేసులు సాధారణంగా బంగారు రేకు అతికినవే. వీటికి త్రాసు మీద వచ్చేది స్వల్పం.

సేకరించేవారిలోనూ దోషాలు లేకపోలేదు. ఒక గడియారం యంత్రాన్ని మరొక దాని కేసులో బిగించి అమ్మేవారున్నారు. మెరుపు కోసం పాలిష్ పట్టించి చెక్కడాన్ని అరగదీసేవారూ, మరొకరి పేరు తమకెందుకని గీకించేవారూ ఉన్నారు. పేరు గీకించినవాడికీ, కరిగించినవాడికీ పెద్ద తేడా లేదు.

వందేళ్ళు దాటిన కళావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదని 1972 నాటి పురావస్తువుల చట్టం చెబుతున్నది. అది సరిహద్దు దగ్గర కాపలా కాయగలదు గాని కంసాలి కుంపటి దగ్గర కాయలేదు. అక్కడ కాయవలసింది ఇంటివారే. అమ్మే ముందు తెలిసిన వాచీ మెకానిక్ చేత మూతలు తీయించి, పేర్లు, నంబర్లు, ముద్రలు కాగితం మీద రాసుకుని ఫోటో తీయించడానికి ఖర్చు స్వల్పం. అమ్మక తప్పకపోతే గడియారాన్ని గడియారంగా కొనేవారిని వెతకాలి. జిల్లాలోని మ్యూజియంలు, కళాశాలల చరిత్ర శాఖలు పాత కుటుంబాల వద్ద ఉన్న ఇటువంటి వాటి వివరాలు నమోదు చేయడానికి పూనుకోవాలి. వస్తువును అడగనక్కరలేదు, వివరం చాలు.

ఆగిపోయిన గడియారాన్ని మంచి పనివాడు మళ్ళీ నడిపించగలడు. కరిగిన పేరును మాత్రం ఏ పనివాడూ తిరిగి చెక్కలేడు.