ఆఁడుదానికంటె బండికే హెచ్చు కూలి

ఈ మాసము మీకుఁ జెప్పఁబోవు చిత్రము పిల్లలతోఁ గూర్చుండి చూడఁదగినది కాదు. అయినను దాని నిర్మాణకథ మనము వినఁదగియున్నది. 1966వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన ఆ చిత్రము పేరు ‘ది వైల్డ్ ఏంజెల్స్’. దర్శకుఁడు రోజర్ కోర్మను.

ఆ యేఁటి యారంభమున ‘లైఫ్’ పత్రికలో నొక ఛాయాపటము పడెను. మోటారుసైకిళ్లపై ముఠాలుగాఁ దిరుగు ‘హెల్స్ ఏంజెల్స్’ వారు మృతుఁడైన సహచరుని సాగనంపుచున్న దృశ్య మది. కోర్మనుకు దానియందు కథ కనఁబడెను. చార్లెస్ గ్రిఫిత్తు దానిని వ్రాసెను. పీటర్ బొగ్డనోవిచ్ అను యువకుఁడు చాలవఱకు తిరుగవ్రాసెను గాని, రచయితగా నాతని పేరు తెరపైఁ బడలేదు. వ్యయము సుమారు 3,60,000 డాలర్లు. హాలీవుడ్డు లెక్కలో నిది చిల్లర సొమ్ము. అందుచేత స్టూడియో మాట లేక, దక్షిణ కాలిఫోర్నియాలోని ఎడారిదారులలోను కొండయూళ్లలోనుఁ జిత్రీకరణము సాగించిరి.

నాయకుఁడు తానే బండి నడపవలెనని కోర్మను పట్టు. మొదట నెన్నుకొన్న జార్జి చకిరిస్ అందుల కొప్పుకొననందున ఆ వేషము పీటర్ ఫాండాకు దక్కెను. నటులను తెచ్చి ముఠావేషములు వేయించుటకు మాఱుగా కోర్మను నిజమైన ముఠావారినే కూలికిఁ బిలిచెను. బేరము వినుఁడు: మనిషికింత, మోటారుసైకిలుకింత, వెంటవచ్చు ఆఁడుదానికింత. అందు ఆఁడుదానికంటె బండికే హెచ్చు! దీనిని వేడుకగాఁ జెప్పుకొనువారు కలరు. నాకు మాత్రము నవ్వు రాలేదు. కథలోను ఆ ధోరణియే. మృతుని భార్యగా డయాన్ లాడ్ నటించినది. చర్చిలో భర్త యంత్యక్రియల వేళ ఆమెపై జరుగు నత్యాచారమును చిత్రము కేవలము అల్లరిలో నొక భాగముగాఁ జూపి దాఁటిపోవును. ఇది నిర్మాతల ధైర్యమని నేను మెచ్చుకొనఁజాలను.

ఆ యేఁడే చిత్రము వెనిస్ ఉత్సవమునఁ బ్రదర్శింపఁబడెను; పెట్టుబడికి ఎన్నియో రెట్లు రాఁబడి వచ్చెను. పిమ్మట ముఠావారు, తమది మోటారుసైకిళ్ల విషయమై జ్ఞానము పంచు సంఘమే గాని దౌర్జన్యపరులది కాదనుచు కోర్మనుపై దావా వేసిరఁట! దీనికి నవ్వితిని.

నాయకునికి మాఱుమనిషి కూడదన్నారు గదా. నాయిక నాన్సీ సినాట్రాకు మాత్రము సాహసకృత్యములలో మాఱుగా నిలిచినది పాలీ ప్లాట్, బొగ్డనోవిచ్ భార్య. ఆమెయే 1971లో భర్త తీసిన ‘ది లాస్ట్ పిక్చర్ షో’కు దృశ్యరూపకల్పన చేసెను, 1983 నాఁటి ‘టర్మ్స్ ఆఫ్ ఎండియర్‌మెంట్’కుఁ జేసిన కళాదర్శకత్వమునకు ఆస్కారు పరిశీలనకు నెక్కెను.

కోర్మను 1970లో ‘న్యూ వరల్డ్ పిక్చర్స్’ సంస్థను స్థాపించెను. మఱుసటి సంవత్సర ప్రాంతమున నా సంస్థ ‘బరీ మి ఆన్ ఏంజెల్’ అను మఱియొక ముఠాచిత్రమును విడుదల చేసెను. దాని రచయిత్రియు దర్శకురాలును బార్బరా పీటర్స్ అను స్త్రీ. అందు తమ్ముని చంపినవానిని వెదకుచు మోటారుసైకిలెక్కి యక్క బయలుదేఱును. ఆమె వెంట ఇద్దఱు మగవారు పోవుదురు.