ముందు ఫోర్కులపై చిన్నచూపు తగదు

నాపరాతి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, బూడిద లారీల మధ్య ఎర్రగుంట్ల ప్రాంత మోటారు సైకిలుదార్లకు దుమ్ము కొత్త కాదు. అయితే ఆ దుమ్ము ముందు ఫోర్కులకు చేసే చేటును పట్టించుకునేవారు తక్కువ. ఫోర్కు పైపుకు అంటిన సన్నని రాతిపొడి ఆయిల్ సీలును అరగదీస్తుంది. ఆయిలు కారడం మొదలవుతుంది.

చాలామంది దానిని గుడ్డతో తుడిచి ఊరుకుంటారు. ఆయిలు తగ్గితే గుంతలో పడిన చక్రం ఎగిరెగిరి పడుతుంది. నేలను వదిలిన చక్రానికి బ్రేకు ఉన్నా లేనట్టే. కారిన ఆయిలు బ్రేకుకు చేరితే ప్రమాదం మరీ ఎక్కువ.

చేతికందిన ఇంజను ఆయిలునే ఫోర్కుల్లో పోసే అలవాటు కూడా మంచిది కాదు. అనేక బండ్లకు కంపెనీ చెప్పే ఫోర్కు ఆయిలు కంటే అది చిక్కన. అణిగిన ఫోర్కు తిరిగి లేచేలోగా మరో గుంత వస్తుంది. కంపెనీ పుస్తకంలో ఉన్న గ్రేడునే వాడాలి. రెండు ఫోర్కుల్లోనూ కొలిచి, చెప్పిన మేరకే పోయాలి. పైపుకు తుప్పు మచ్చలు, గీతలు ఉంటే కొత్త సీలు కూడా నిలవదు. అరిగిన బుషులు, వంగిన పైపులు మార్చవలసిందే.

లారీలపై పట్టాలు కప్పించడం, గుంతలు పూడ్పించడం అధికారుల బాధ్యత. అంతవరకు తడిసిన ఫోర్కుతో బండి నడపరాదు. సీలుకయ్యే ఖర్చుకు వెనుకాడి ప్రాణం మీదికి తెచ్చుకోవడం వివేకం కాదు.