ఉస్తాదు కూడా ఉపాధ్యాయుడే

ఉర్దూలో ఉస్తాద్ అనే మాటకు ఉపాధ్యాయుడని అర్థం. మన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో మాత్రం ఆ మాట తరగతి గదిలో కంటె రహదారి పక్కనున్న మెకానిక్ షెడ్డులోనే ఎక్కువగా వినబడుతున్నది. పంక్చరు వేసే కుర్రవాడు తనకు పని నేర్పినవానిని ఉస్తాద్ అనే పిలుస్తాడు. పేరు ఒక్కటే అయినా గౌరవం ఒక్కటి కాలేదు. చదువు అబ్బకపోతే పంక్చర్లు వేసుకుంటావని పిల్లలను బెదిరించని ఇల్లు అరుదు. ముస్లిం యువకులను పంక్చర్లు వేసుకునేవారని ఎగతాళి చేసే నోళ్లకు కూడా కొదువ లేదు. ఈ ఎగతాళికి కోపం తగిన సమాధానం కాదు. ఆ పనిలో దాగిన విద్యను గుర్తించి, దానిని సగౌరవంగా కళాశాలలోకి ఆహ్వానించటమే తగిన సమాధానమని నా అభిప్రాయం.

పూణె నుండి మచిలీపట్నం వరకు సాగే 65వ నంబరు జాతీయ రహదారిని మన పెద్దలు ఇప్పటికీ పాత అలవాటు కొద్దీ 9వ నంబరు అనే అంటారు. హైదరాబాదు వైపు నుండి వచ్చేవారు గరికపాడు వద్ద మన రాష్ట్రంలో ప్రవేశించి, జగ్గయ్యపేట, నందిగామలను ఒరసుకుంటూ విజయవాడ చేరుకుంటారు. సిమెంటు లారీలూ కార్లూ రేయింబవళ్లు తిరిగే ఈ దారిలో, మెట్ట ప్రాంతపు మే నెల ఎండలో, చక్రంలోని గాలి పోవటం వింత కాదు. పట్టాలు పొందిన నలుగురు కారు దిగి, పాత చక్రం తీసి కొత్తది వేయటం తెలియక, దారిన పోయేవారి సాయం కోసం ఎదురుచూడటమే వింత. ఆ పని కష్టమైనది కాదు. ఎవరూ నేర్పలేదు, అంతే.

ఆ పనిలో ప్రతి మెట్టుకూ ఒక కారణం ఉన్నది. ముందుగా బండిని రోడ్డు దిగువకు, గట్టి సమతలం మీదకు చేర్చవలె. హజార్డ్ లైట్లు వెలిగించి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, మార్చబోయే చక్రానికి మూలమూలగా ఉన్న చక్రానికి రాయి అడ్డం పెట్టవలె. ఎర్ర త్రికోణాన్ని వెనుక దూరంగా నిలపవలె. జాకీ ఎత్తక ముందే నట్లను కొద్దిగా వదులు చేయవలె. ఎందువలన? చక్రం నేలను తాకి ఉన్నంతవరకు ఘర్షణ దానిని పట్టి ఉంచుతుంది. గాలిలోకి లేచిన తరువాత నట్టుతోపాటు చక్రమూ తిరుగుతుంది. పానా పిడి పొడవు పెరిగిన కొద్దీ తక్కువ బలంతోనే నట్టు కదులుతుంది. ఇది మన భౌతికశాస్త్ర పుస్తకంలోని మీట సూత్రమే.

జాకీని బండి అడుగున తయారీదారు గుర్తు పెట్టిన చోటనే ఆనించవలె. జాకీ మీద నిలిచిన బండి కిందకు చేయి గాని, తల గాని పోనీయరాదు. కొత్త చక్రం వేసిన తరువాత నట్లను వరుసగా కాక, ఒకదాని తరువాత దానికి ఎదురుగా ఉన్నదానిని బిగించవలె. అప్పుడే చక్రం ఒక పక్కకు ఒరగక సమంగా కూర్చుంటుంది. చివరి బిగింపు బండిని నేలకు దించిన తరువాతనే. కొంత దూరం ప్రయాణించిన పిమ్మట మరొకసారి నట్లను పరీక్షించటం వివేకం.

మనం స్టెప్నీ అని పిలిచే అదనపు చక్రం కథ వినదగినది. వేల్స్ దేశంలోని లనెల్లీ పట్టణంలో స్టెప్నీ వీధి అనే వీధి ఉన్నది. 1904 ప్రాంతంలో అక్కడ తయారైన అదనపు చక్రానికి ఆ వీధి పేరే వచ్చింది. ఆ పేరు సముద్రాలు దాటి మన షెడ్డులలో తెలుగు మాటగా స్థిరపడింది. అయితే 2020లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు సవరించి, ట్యూబ్‌లెస్ టైర్లతోపాటు గాలి ఒత్తిడిని తెలిపే పరికరమూ, మరమ్మతు సామగ్రీ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదన్నది. కనుక కారు కొన్నవారు తమ బండిలో ఏమున్నదో ముందే చూసుకొనవలె. స్టెప్నీ ఉన్నవారు దానిలో గాలి ఉన్నదో లేదో నెలకొకసారి పరీక్షించవలె. గాలిని ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవవలె. వేడెక్కిన టైరులో ఒత్తిడి పెరిగినదని గాలి తీసివేయటం ప్రమాదకరం. గాలి తక్కువైన టైరు తిరిగిన ప్రతిసారీ అధికంగా వంగుతుంది, వంగిన కొద్దీ వేడెక్కుతుంది, చివరకు పగులుతుంది.

విద్యుత్తు విషయం కూడా ఇటువంటిదే. కారు బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కొక్కటి రెండు వోల్టులకు కొంచెం పైగా ఇస్తుంది. ఇంజను ఆపి కొన్ని గంటలు గడిచిన తరువాత మల్టీమీటరుతో కొలిస్తే, నిండుగా ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12కు దిగితే చాలావరకు ఖాళీ అయినట్లే. ఇంజను నడుస్తున్నప్పుడు 13.5 నుండి 14.5 వరకు ఉండవలె. అంత పెరగకపోతే లోపం ఆల్టర్నేటరులోనో, దానిని తిప్పే బెల్టులోనో ఉండవచ్చు. ఈ చిన్న కొలత తెలియక మంచి బ్యాటరీని పారవేసి వేలు వ్యయం చేసేవారున్నారు. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్ తీగ తీయవలె, బిగించేటప్పుడు దానిని చివర పెట్టవలె. మైనస్ తీగ బండి లోహానికి కలిసి ఉంటుంది కనుక, ప్లస్ విప్పే పానా బండికి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. నీరు పోసే రకం బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తప్ప మరొకటి పోయరాదు. ఫ్యూజు కాలితే అదే సంఖ్యగల ఫ్యూజు వేయవలె గాని తీగముక్క చుట్టరాదు. కాలిన ఫ్యూజు చేసినది ద్రోహం కాదు, కాపలా. ఇక విద్యుత్ కార్లలోని నారింజరంగు తీగలను శిక్షణ లేనివారు తాకనే రాదు.

2023 జూలై చివరలో మున్నేరు పొంగి, నందిగామ సమీపాన ఐతవరం వద్ద రహదారిని ముంచెత్తినది. 2024 సెప్టెంబరు తొలిరోజులలో మళ్లీ వరదలు వచ్చినవి. అటువంటి నీటిలో ఆగిన బండికి మళ్లీ సెల్ఫ్ కొట్టరాదు. ఇంజనులోకి చేరిన నీటిని పిస్టను నొక్కలేదు. దానివలన లోపలి కడ్డీ వంగుతుంది. నీటి నుండి బయటపడిన బండికి ముందు మైనస్ తీగ తీసి, ఆపైన షెడ్డుకు చేర్చవలె. ఇది తెలిసినవాడు ఇంజనును కాపాడుకుంటాడు.

పిల్లలను తిరిగి షెడ్డుకే పంపుతారా అని కమిటీ పెద్దలు నన్ను అడుగవచ్చు. వారి ఆందోళన న్యాయమైనదే. బడి మాని పానా పట్టిన పసివారిని చూసి సంతోషించవలసినది లేదు. నేను కోరేది చదువు మానటం కాదు, చదువుకు చేతులు కలపటం. 1937లో వార్ధాలో గాంధీజీ ఆధ్వర్యంలో జరిగిన విద్యా సమావేశం చేతిపని ద్వారా విద్య అనే ఆలోచనను ముందుకు తెచ్చినప్పుడు, దానికి ప్రణాళిక రచించిన సంఘానికి అధ్యక్షుడు డాక్టర్ జాకిర్ హుస్సేన్. హైదరాబాదులో జన్మించి, జర్మనీలో డాక్టరేటు పొంది, దరిమిలా రాష్ట్రపతి అయిన ఆ విద్యావేత్త చేతిపనిని చిన్నచూపు చూడలేదు. మనకెందుకు ఆ చిన్నచూపు?

కనుక నా సూచన ఇది. ఏటా పది సాయంకాలాలు కేటాయించండి. ఒక జాకీ, ఒక వీల్ పానా, గాలి కొలిచే మీటరు, మల్టీమీటరు కొనండి. మన రహదారి మీద పని చేసే ఉస్తాదులను తగిన పారితోషికమిచ్చి పిలవండి. వారు చేతితో చూపగా, మన భౌతిక, రసాయనశాస్త్ర అధ్యాపకులు కారణం వివరించవలె. బాలికలకు కూడా ఈ శిక్షణ తప్పక ఇవ్వవలె. నేడు బండి నడిపేది పురుషులు మాత్రమే కాదు గదా! ప్రతిఫలంగా ఆ షెడ్డులలోని కుర్రవాళ్లకు మన విద్యార్థులు సాయంకాలం అక్షరాలూ లెక్కలూ నేర్పవలె. సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదవ తరగతి పరీక్షకు కూర్చునే దారి వారికి తెరిచే ఉన్నది.

విద్యార్థులారా! ఉస్తాద్ అనే మాటను ఇకమీదట రెండు చోట్లా ఒకే గౌరవంతో పలకండి. పంక్చరు వేయటం అవమానం కాదు. వేరే దారి లేక అదే వేయవలసి రావటమే మన సమాజానికి అవమానం. ఈ రెంటికీ గల తేడాను తెలిసికొని నడిచిన నాడు మన కళాశాల పేరుకు తగిన కళాశాల అవుతుంది.