పుట్టుకను అడిగే ఇంగ్లీషు

దళిత వాడ నుంచి ఎంఏ ఇంగ్లీషు దాకా వచ్చిన విద్యార్థి దక్షిణ కొరియాలో టీచర్ ఉద్యోగానికి అప్లై చేస్తే, మొదట చూసేది మార్కుల మెమో కాదు, పాస్‌పోర్టు రంగు. అక్కడ భాషా బోధకులకిచ్చే ఇ-2 వీసా ఇంగ్లీషు విషయంలో ప్రధానంగా ఏడు దేశాల పౌరులకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా. ఆ దేశాల వాళ్ళకు ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు. కామర్స్ చదివిన అమెరికన్ కుర్రాడు ట్యూషన్ సెంటర్‌లో టీచర్ అవుతాడు. షేక్స్‌పియర్ నుంచి టోనీ మోరిసన్ దాకా చదివి, నెట్ కూడా పాసైన మన అమ్మాయి కాలేదు.

పేరు 'నేటివ్ స్పీకర్'. అంటే పుట్టుకతో వచ్చిన అర్హత. ఈ మాట వినగానే మనకు చప్పున ఏం గుర్తొస్తుందో చెప్పనక్కర్లేదు. పాస్‌పోర్టు, కులం ఒకటి కావు, నిజమే. పౌరసత్వం మారొచ్చు, కులం మారదు. కానీ నేర్చుకున్నదాని కంటే పుట్టినచోటికి ఎక్కువ విలువ కట్టే లెక్క మాత్రం మనకు బాగా తెలిసినదే. అప్లికేషన్‌తో పాటు ఫోటో అడిగే చోట ఆ ఏడు దేశాల నల్లజాతి టీచర్లకూ ఇబ్బంది తప్పడం లేదు.

ఇంగ్లీషు మనకు ఊరికే రాలేదు. సావిత్రిబాయి ఫూలే ఇంగ్లీషు నేర్చుకోమని పంతొమ్మిదో శతాబ్దంలోనే కవిత రాశారు. 1913లో అంబేద్కర్ నెలకు పదకొండున్నర పౌండ్ల బరోడా స్కాలర్‌షిప్‌తో కొలంబియాకు వెళ్ళారు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంగ్లీషు మీడియం కోసం జీవో 81 తెచ్చినప్పుడు, తమ పిల్లల్ని కాన్వెంట్లలో చదివించుకున్న పెద్దమనుషులే తెలుగు తల్లి కోసం కన్నీళ్ళు పెట్టుకున్నారు. 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ఇక్కడ 'ఇంగ్లీషు మీకెందుకు' అన్నారు, అక్కడ 'ఇంగ్లీషు మీది కాదు' అంటున్నారు.

ఒక చిన్న తలుపు ఉంది. 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం (సెపా) ప్రకారం, ఇంగ్లీషు డిగ్రీ, టీచింగ్ అర్హత ఉన్న భారతీయులు కొరియా స్కూళ్ళలో అసిస్టెంట్ టీచర్లుగా పనిచేయవచ్చు. ఈ సంగతి ఎన్ని క్యాంపస్‌లలో ప్లేస్‌మెంట్ సెల్ చెప్పింది? ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద ఎప్పుడైనా చూశారా?

తలుపు తెలిసినా గడప దాటాలంటే కాగితాలు కావాలి. డిగ్రీ ఒరిజినల్‌ను రాష్ట్రంలో అటెస్ట్ చేయించి, విదేశాంగ శాఖ దగ్గర అపోస్టిల్ ముద్ర వేయించాలి. ఆ ఒరిజినల్ ఎక్కడుంది? చాలామంది ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల విషయంలో కాలేజీ బీరువాలో. ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పెడుతుంది, యాజమాన్యం బాకీ తీరేదాకా సర్టిఫికెట్ ఇవ్వనంటుంది. బాకీ ప్రభుత్వానిది, తాకట్టు మాత్రం విద్యార్థి భవిష్యత్తు. అప్పు చేసి కట్టి తెచ్చుకున్నవాడు వెళ్తాడు, అప్పు పుట్టనివాడు ఆగిపోతాడు.

అలా ఆగిపోయినవాళ్ళ దగ్గరికే ఏజెంట్లు వస్తారు. 'టూరిస్టు వీసా మీద థాయ్‌లాండ్ రండి, అక్కడికొచ్చాక మారుద్దాం' అంటారు. టూరిస్టు వీసా మీద పని చేయడం చట్టవిరుద్ధం. పట్టుబడితే శిక్ష టీచర్‌కే, ఏజెంట్‌కి కాదు. ఉద్యోగమని నమ్మి వెళ్ళి కంబోడియా సైబర్ మోసాల ముఠాల దగ్గర చిక్కుకున్న మన కుర్రాళ్ళ కేసులు 2024 మేలో విశాఖపట్నం పోలీసుల దాకా వచ్చాయి. 1983 వలస చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలు ఇప్పించే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ పేరు వెతకడానికి రెండు నిమిషాలు పడుతుంది.

ఉద్యోగం కాకపోతే పైచదువు అంటారు. ఎస్సీలకూ మరికొన్ని వర్గాలకూ కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లు ఏడాదికి 125 మాత్రమే. 2022లో మార్గదర్శకాలు మార్చి, భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సామాజిక అధ్యయనాలపై పరిశోధనను జాబితా నుంచి తీసేశారు. అంటే దళిత సాహిత్యం మీద విదేశంలో పీహెచ్‌డీ చేయాలనుకునే సాహిత్య విద్యార్థికి దారి దాదాపు మూసుకున్నట్టే. 2025 జూలైలో ఎంపికైన 106 మందిలో 40 మందికే మొదట అవార్డు లెటర్లు వచ్చాయి. మిగతా వాళ్ళకు 'నిధులుంటేనే' అన్నారు.

విద్యార్థి సంఘాలు ఈ ఏడాది వినతిపత్రాల్లో రెండు డిమాండ్లు చేర్చాలి. బకాయి పేరుతో ఒరిజినల్స్ పట్టుకునే కాలేజీలపై కేసులు పెట్టాలి. సెపా కింద టీచర్ పోస్టుల వివరాలను ప్రతి యూనివర్సిటీ ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్‌కూ విదేశాంగ శాఖ పంపాలి. అప్పటిదాకా, సర్టిఫికెట్ కోసం వెళ్ళిన ప్రతిసారీ 'ఇవ్వం' అన్న మాటను కాగితం మీద రాయించుకుని రండి. కేసు పెట్టాలంటే ముందు కావాల్సింది ఆ కాగితమే.